ఆత్మవిచారంలో తర్కానికి తావు లేదా?



ఆబ్దికం జరిగే ఇంట ప్రతి తరంలోనూ ఒక ప్రశ్న పుడుతుంది. కర్త ప్రాచీనావీతియై, దర్భల మీద తిలోదకం విడిచి, పితృపితామహప్రపితామహులను వసురుద్రాదిత్య స్వరూపులుగా భావించి పిండప్రదానం చేస్తాడు. ప్రక్కన కూర్చున్న కుమారుడు అడుగుతాడు: "తాతయ్య దేహం దహనమైపోయింది కదా నాన్నా, ఈ పిండం ఎవరికి?" అక్కడ ఉన్న పెద్దలలో ఎవరో ఒకరు వెంటనే వారిస్తారు: "తప్పు నాయనా, అలా అడగకూడదు. నమ్మకంతో చేయాలి, అంతే."

బాలుడు మౌనం వహిస్తాడు. ప్రశ్న మాత్రం మౌనం వహించదు. పదేళ్ళ తరువాత, ఇల్లు విడిచి దూరదేశంలో ఉన్నప్పుడు, మరొకరు అదే ప్రశ్నకు వేరొక సమాధానం చెబుతారు: "ఆత్మ అన్నది లేదు. మెదడు ఆగితే మనిషి ముగిసినట్లే. తర్కం తెలిసినవాడు వీటిని విడిచిపెడతాడు." మొదటి సమాధానం ప్రశ్నను ఆపినది. రెండవది కర్మనే ఆపినది. ఈ ఇద్దరూ పరస్పర శత్రువుల వలె కనబడతారు. కాని ఇద్దరూ ఒక్క మాట మీదనే నిలిచి ఉన్నారు: శ్రద్ధ ఉన్నచోట తర్కానికి తావు లేదు, తర్కం ప్రవేశించినచోట శ్రద్ధ నిలువదు. ఈ మాట శాస్త్రసమ్మతం కాదు. ఆస్తికుని నోట వెలువడినప్పుడు అది నాస్తికుని వాదం కంటె అధికమైన హాని చేస్తుంది. బయటివాడు ద్వారం మూయలేడు, లోపలివాడే మూయగలడు.

పూర్వపక్షం

ప్రతిపక్షాన్ని బలహీనపరచి ఖండించడం శిష్టాచారం కాదు. కనుక తర్కాన్ని నిరాకరించే ఆస్తికుని పక్షాన్ని పూర్ణబలంతోనే చెప్పాలి. అతడు నాలుగు హేతువులు చూపుతాడు. ఒకటి, ఆత్మజ్ఞానం తర్కం చేత లభించేది కాదని కఠోపనిషత్తు స్పష్టంగా చెబుతున్నది. రెండు, తర్కానికి నిలకడ లేదని బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయం నిర్ణయించినది. మూడు, హేతుశాస్త్రాన్ని ఆశ్రయించి శ్రుతిస్మృతులను అవమానించేవానిని శిష్టులు బహిష్కరించాలని మనుస్మృతి శాసించినది. నాలుగు, శ్రీకాళహస్తిలో నేత్రాన్ని సమర్పించిన కన్నప్ప ఏ న్యాయశాస్త్రం చదివాడు?

ఇవి అల్పమైన హేతువులు కావు. వీటికి సమాధానం చెప్పకుండా తర్కాన్ని సమర్థించడం అన్యాయమవుతుంది.

నచికేతుని శ్రద్ధ

మొదట కఠోపనిషత్తునే చూడాలి. వాజశ్రవసుడు పాలు వట్టిపోయిన ముసలి గోవులను దానం చేస్తుండగా, ఆ బాలునిలో శ్రద్ధ ప్రవేశించినదని శ్రుతి చెబుతున్నది. శ్రీ శంకరభగవత్పాదులు అక్కడ శ్రద్ధ అంటే ఆస్తిక్యబుద్ధి అని వ్యాఖ్యానించారు. మరి శ్రద్ధ ప్రవేశించిన ఆ బాలుడు చేసిన మొదటి పని ఏమిటి? తండ్రిని ప్రశ్నించడం. యమసదనం చేరి, మూడవ వరంగా కోరినది ఏమిటి? మరణించిన మనుష్యుని విషయంలో ఉన్నాడని కొందరు, లేడని కొందరు అంటున్నారు, ఈ సందేహం తీర్చమని కోరాడు. ఆబ్దికం నాడు బాలుడు అడిగిన ప్రశ్న ఇదే. యముడు పుత్రపౌత్రులను, పశువులను, గజాలను, దీర్ఘాయువును ఇస్తానన్నా ఆ ప్రశ్నను విడవలేదు.

ఇక తర్కం చేత లభించదన్న మంత్రం రెండవ వల్లిలో ఉన్నది. దానిని ఉదాహరించేవారు సాధారణంగా మొదటి పాదంతో ఆగిపోతారు. అదే మంత్రం చివర యమధర్మరాజు నచికేతుని ప్రశంసిస్తూ, నీవంటి ప్రశ్నించేవాడు మాకు లభించుగాక అని కోరుకుంటున్నాడు. ప్రశ్నను నిషేధించడానికి ఏ మంత్రాన్ని చూపుతున్నారో, ఆ మంత్రమే ప్రశ్నించేవానిని కోరుతున్నది. ఆచార్యోపదేశం లేని కేవల తర్కం ఆత్మను చేర్చదని దాని అర్థం. ఉపదేశం పొందగోరేవాడు నోరు మూసుకోవాలని కాదు.

కన్నప్ప విషయానికి వస్తే, వాత్స్యాయనుడు న్యాయభాష్యారంభంలోనే సమాధానం చెప్పాడు. బొత్తిగా తెలియని విషయంలోను, పూర్తిగా నిశ్చయమైన విషయంలోను న్యాయం ప్రవర్తించదు. సంశయమున్న విషయంలోనే ప్రవర్తిస్తుంది. కన్నప్పకు సంశయం లేదు, కనుక విచారం అక్కరలేదు. ఆరోగ్యవంతునికి ఔషధం అక్కరలేదని రోగి చేతిలోని ఔషధాన్ని లాగివేయవచ్చునా? సంశయగ్రస్తుడైన యువకునికి కన్నప్ప కథ చెప్పి పంపివేయడం అటువంటిదే.

దేహాత్మవాదం

ఇప్పుడు రెండవ పక్షం. మెదడే మనిషి అనే మాట నేటిదని చాలామంది అనుకుంటారు. పరికరాలు నూతనం, పక్షం పురాతనం. పిండి, బెల్లం మొదలైన వాటిలో విడివిడిగా లేని మదశక్తి అవి కలిసి పులిసినప్పుడు పుట్టినట్లు, చతుర్భూతాల కలయికలో చైతన్యం పుడుతుందని చార్వాకులు చెప్పారు. శ్రాద్ధాన్ని పరిహసించినవారు కూడ వారే. ఈ సంగతులు నేడు తెలియడానికి కారణం ఎవరు? వారిని ఖండించిన ఆస్తికులే. విజయనగర కాలంలో, 14వ శతాబ్దంలో, మాధవాచార్యుల పేర ప్రసిద్ధమైన సర్వదర్శనసంగ్రహం చార్వాకదర్శనంతోనే ఆరంభమవుతుంది. శ్రాద్ధాన్ని నిందించే మాటలను సైతం దాచకుండా వ్రాసిపెట్టిన సంప్రదాయం, శ్రాద్ధం గురించి సందేహం అడిగిన పిల్లవానిని గద్దించడం ఎంత వింత!

దేహాత్మవాదానికి భగవత్పాదులు బ్రహ్మసూత్రాల మూడవ అధ్యాయంలో ఇచ్చిన సమాధానం నేటికీ పదును తగ్గనిది. రూపాదులు దేహధర్మాలు, కనుక మృతదేహంలోనూ కొంతకాలం కనబడతాయి. చైతన్యం, స్మృతి మొదలైనవి దేహమున్నా కనబడవు. కనుక అవి కేవల దేహధర్మాలు కావు. దేహం ఉన్నప్పుడే చైతన్యం తెలియవస్తున్నది కదా అంటే, దీపం ఉన్నప్పుడే రూపదర్శనం కలుగుతుంది, దీపం లేనప్పుడు కలుగదు. అంతమాత్రాన చూడడం దీపం యొక్క ధర్మమవుతుందా? మెదడు దెబ్బతింటే స్మృతి దెబ్బతింటుందనేది సత్యమే. దాని వల్ల మెదడు అవసరమైన సాధనమని సిద్ధిస్తుంది. సాధనమే కర్త అని సిద్ధించదు.

ఈ వాదం ఒక్కటే ఆత్మనిత్యత్వాన్ని నిరూపించివేసిందని అనరాదు. ప్రతివాది హేతువు అతడు కోరిన సాధ్యాన్ని సాధించలేదని మాత్రమే ఇది చూపుతున్నది. ఎంత సాధించామో అంతే సాధించామని చెప్పడం తార్కికుని నిజాయితీ. ఆస్తికులు ఆవేశంలో మరచిపోయేది దీనినే.

రెండు రథాలు

బౌద్ధుని దేహాత్మవాదితో ఒకే గాటన కట్టడం మరొక దోషం. బౌద్ధులు కర్మను, పునర్జన్మను, బంధమోక్షాలను అంగీకరించారు. స్థిరమైన ఆత్మను మాత్రమే నిరాకరించారు. ఆ నిరాకరణకు ఉద్దేశం భోగలాలస కాదు, అహంకారమమకారాల నివృత్తి. వారిది గంభీరమైన ప్రతిపక్షం. నాగార్జునకొండ, అమరావతి వెలసిన ఈ ఆంధ్రభూమికి ఆ వాదం పరాయిది కూడ కాదు.

మిలిందపన్హలో నాగసేనుడు యవనరాజు మిలిందుని రథం గురించి అడుగుతాడు. ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాడి రథమా? ఏదీ కాదు. అవయవాలు కలిసినప్పుడు రథమని ఒక వ్యవహారం మాత్రమే. మనుష్యుడు కూడ అట్లే, స్కంధసముదాయానికి పెట్టిన పేరు. కఠోపనిషత్తులోనూ ఒక రథం ఉన్నది. అక్కడ శరీరం రథం, ఇంద్రియాలు అశ్వాలు, మనస్సు పగ్గం, బుద్ధి సారథి, ఆత్మ రథంలో కూర్చున్నవాడు.

ఈ రెండు రథాలను ప్రక్కప్రక్కన నిలిపి చూడాలి. రథం అవయవసముదాయమే అన్నంతవరకు ఔపనిషదునికి అభ్యంతరం లేదు. రథోత్సవం నాడు కొత్త మోకులు కట్టినా, అరిగిన చక్రం మార్చినా, భక్తులు వెదికేది మోకులలోనూ చక్రాలలోనూ కాదు, రథం మీద వేంచేసిన స్వామిని. అవయవాలలో వెదికి రథికుడు దొరకలేదంటే ఆశ్చర్యమేమున్నది? రథికుడు అవయవం కాదు.

బౌద్ధుడు ఇక్కడ ఆగడు. "రథికుడున్నాడని చూపండి. మాకు కనబడేది క్షణక్షణం పుట్టి నశించే విజ్ఞానసంతానమే" అంటాడు. దీనికి గౌతమన్యాయం లోకానుభవంతో బదులిస్తుంది. కంటితో చూసిన మామిడిపండునే చేతితో తాకి, "ఏది చూశానో దానినే తాకుతున్నాను" అని అనుకుంటాము. కన్ను తాకదు, చేయి చూడదు. రెండింటినీ కలిపే జ్ఞాత ఒకడు ఉండాలి. నిన్నటి అనుభవాన్ని నేడు స్మరించేవాడు నిన్న అనుభవించినవాడే కావాలి. దేవదత్తుడు చూసినది యజ్ఞదత్తునికి స్మరణకు రాదు. కుమారిలభట్టపాదులు శ్లోకవార్తికంలోని ఆత్మవాదంలో ఈ ప్రత్యభిజ్ఞనే ప్రధానంగా నిలిపారు.

బౌద్ధుని ప్రతివచనం: దీపజ్వాల ప్రతిక్షణం వేరైనా ఒకటే అని తోస్తుంది, అది సాదృశ్యం వల్ల కలిగే భ్రాంతి. లక్కరసంతో తడిపిన ప్రత్తివిత్తనం నుండి ఎర్రని ప్రత్తి వచ్చినట్లు, ముందు క్షణంలోని సంస్కారం తరువాతి క్షణంలో ఫలిస్తుంది. అందుకు స్థిరాత్మ అక్కరలేదు. దీనికి భగవత్పాదుల సమాధానం: ఇది దానివంటిది అని చెప్పాలంటే ముందుదానిని, తరువాతిదానిని రెండింటినీ గ్రహించినవాడు ఒకడు ఉండాలి. ఒక క్షణం మాత్రమే ఉన్నవాడు సాదృశ్యాన్ని ఎట్లా గ్రహిస్తాడు? పైగా బయటి వస్తువుల విషయంలో "అదేనా, దానివంటిదా" అన్న సందేహం కలుగవచ్చును. "నిన్న ఉన్నది నేనేనా, నావంటివాడా" అని ఎవరికీ సందేహం కలుగదు.

వాదం అక్కడితో ముగియలేదు. 8వ శతాబ్దంలో శాంతరక్షితుడు 3,600కు పైగా కారికలతో తత్త్వసంగ్రహం రచించి, నైయాయిక, మీమాంసక, సాంఖ్య, దిగంబర, ఔపనిషద పక్షాల ఆత్మలను ఒక్కొక్కటిగా పరీక్షించాడు. ఆత్మవంటిదే ఒక పుద్గలాన్ని ఒప్పుకొన్న స్వయూథ్యులైన వాత్సీపుత్రీయులను సైతం విడిచిపెట్టలేదు. తరువాత మిథిలలో ఉదయనాచార్యులు ఆత్మతత్త్వవివేకం రచించి క్షణభంగవాదాన్ని మూలం నుండి పెకలించబూనారు. ఆయన లక్షణావళి క్రీ.శ. 984 నాటిదని ప్రసిద్ధి. ఇన్ని శతాబ్దాలపాటు ఏ పక్షంవారూ "నమ్మకం ఉంటే చాలు" అని తప్పుకోలేదు. ఆ ఉదయనులే న్యాయకుసుమాంజలిలో, శ్రవణానంతరం చేసే ఈ న్యాయవిచారం మననరూపమైన ఈశ్వరోపాసనమే అని చెప్పారు. తర్కాన్ని పుష్పాంజలిగా సమర్పించిన మహనీయుడు ఆయన. తర్కం భక్తికి విరోధమనేవారు ఆ గ్రంథానికి ఆయన ఆ పేరు ఎందుకు పెట్టారో ఆలోచించాలి.

అన్నీ ఒకటే అనే మాట

నేటి ప్రవచనాలలో మరొక వాక్యం వినబడుతున్నది: అన్ని దర్శనాలు చెప్పేది ఒకటే, భేదాలు పండితుల కల్పనలు. ఇది ఔదార్యం వలె తోస్తుంది. వాస్తవానికి ఇది అనాదరం.

నైయాయికునికి జ్ఞానం ఆత్మ యొక్క గుణం, ఆత్మలు అనేకం, విభువులు. మోక్షంలో సుఖదుఃఖాలతో పాటు జ్ఞానం కూడ ఉండదు. అందుకే నైషధకావ్యంలో ఒక పాత్ర ఆ మోక్షాన్ని శిలాత్వమని పరిహసిస్తుంది. సాంఖ్యుని పురుషుడు కేవల సాక్షి, కర్తృత్వమంతా ప్రకృతిది. భాట్టమీమాంసకునికి ఆత్మ కర్త, భోక్త. యజ్ఞఫలం అనుభవించేవాడు యజ్ఞం చేసినవాడే కావాలి. జగత్కర్త అయిన ఈశ్వరుని అతడు అంగీకరించకపోయినా, వేదప్రామాణ్యంలో అతనికి సాటి రాగలవారు లేరు. అద్వైతికి జ్ఞానం గుణం కాదు, స్వరూపమే. జీవభేదం ఉపాధికృతం. శ్రీరామానుజులు దీనిని ఒప్పుకోలేదు. జ్ఞాత లేని జ్ఞానం ఎక్కడా అనుభవంలో లేదన్నారు. 'నేను' అన్న అర్థమే ఆత్మ, మోక్షంలోనూ అది నశించదు, నశించేటట్లయితే మోక్షాన్ని కోరేవాడెవడు అని శ్రీభాష్యంలో నిలదీశారు. శ్రీమధ్వాచార్యులు పంచభేదాలు సత్యమన్నారు. జీవుడు ముక్తిలోనూ హరికి అధీనుడే, భిన్నుడే.

ఈ భేదాలు పండితుల వినోదం కోసం పుట్టినవి కావు. శ్రీవైష్ణవుడు కోరేది నిత్యకైంకర్యం. సేవించే తాను, సేవ్యుడైన స్వామి ఇద్దరూ శాశ్వతంగా ఉంటేనే అది సాధ్యం. అతనితో "చివరికి అంతా ఒకటే" అనడమంటే, అతడు శరణాగతి చేసిన ఫలమే తాత్కాలికమని చెప్పడం. అట్లే అద్వైతితో "భేదం మిగిలినా ఫరవాలేదు" అనడమంటే, ద్వితీయం ఉన్నంతవరకు భయం తొలగదన్న అతని నిశ్చయాన్ని తీసివేయడం. ఇద్దరినీ గౌరవించే మార్గం భేదాన్ని భేదంగా తెలుసుకోవడమే. ఒకరిని ఒకరు తీవ్రంగా ఖండించిన ఆచార్యులు ఒకరి గ్రంథాన్ని ఒకరు ఆమూలాగ్రం చదివారు. నేడు "అన్నీ ఒకటే" అనేవారు తరచుగా ఏదీ చదవరు.

ఖండనలో కూడ మర్యాద ఉన్నది. తత్త్వనిర్ణయం కోసం జరిగేది వాదం. గెలుపు కోసం జరిగేది జల్పం. తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివానిని పడగొట్టడమే పనిగా పెట్టుకొన్నది వితండ. గీత పదవ అధ్యాయంలో భగవానుడు తన విభూతిగా చెప్పుకొన్నది వాదాన్ని. టీవీ చర్చలలో ఆస్తికనాస్తికుల నడుమ జరిగేది చాలవరకు జల్పవితండలే. వాటిని చూసి వాదాన్ని అసహ్యించుకోవడం, కల్తీనెయ్యి చూసి నేతిదీపం మానుకోవడం వంటిది.

తర్కానికి హద్దు

అయితే తర్కమే సర్వం అనవచ్చునా? అనరాదు. తర్కానికి నిలకడ లేదన్న సూత్రభాష్యంలో, ఒక నిపుణుడు సాధించినదానిని అంతకంటె నిపుణుడు పడగొడతాడని భగవత్పాదులు చూపారు. అక్కడే ప్రతివాది ఒక చక్కని ఆక్షేపం చేస్తాడు: తర్కానికి నిలకడ లేదని కూడ తర్కంతోనే కదా నిలుపుతున్నారు? ఆచార్యులు ఆ మాటను కసరి త్రోసిపుచ్చలేదు. కొన్ని విషయాలలో తర్కం నిలకడ గలదే కావచ్చును, జగత్కారణమైన బ్రహ్మ విషయంలో మాత్రం ఆగమం లేకుండా అది నిలువదని సమాధానపడ్డారు. హద్దు గీయడం వేరు, బహిష్కరించడం వేరు.

మనుస్మృతి కూడ ఇట్లే. హేతువుతో శ్రుతిని అవమానించేవానిని బహిష్కరించమన్న ఆ స్మృతియే, పన్నెండవ అధ్యాయంలో, వేదశాస్త్రానికి విరోధం లేని తర్కంతో పరిశీలించేవాడే ధర్మాన్ని తెలుసుకొంటాడని చెబుతున్నది. దోషం అవమానంలో ఉన్నది, హేతువులో కాదు. న్యాయశాస్త్రం కూడ తర్కాన్ని స్వతంత్ర ప్రమాణమని చెప్పదు, ప్రమాణానికి అనుగ్రాహకమనే చెబుతుంది. క్షేత్రంలో పైరును మొలిపించేది విత్తనం. కంచె పైరును మొలిపించదు. కాని కంచె లేని క్షేత్రంలో పైరు ఇంటికి చేరదు. శ్రుతి విత్తనం, శ్రద్ధ తడి, తర్కం కంచె.

సిద్ధాంతం

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్నకు తిరిగి రావాలి. పిండం ఎవరికి? దేహమే మనిషి అయితే ఎవరికీ కాదు. అక్కడితో కర్మకాండ అంతా వ్యర్థం. క్షణికవిజ్ఞానమే మనిషి అయితే, చేసినవాడొకడు, అనుభవించేవాడొకడు అయి, చేసినది నశించడం, చేయనిది వచ్చిపడడం అనే కృతహానం, అకృతాభ్యాగమం ఎదురవుతాయి. సంతానవాది దీనికి చెప్పే సమాధానాన్ని విని, పరీక్షించి దాటాలి. దేహంతో నశించని కర్తృభోక్త ఉన్నాడని మననంతో నిలుపుకొన్నప్పుడు, అతనికి ఏది ఎట్లా చేరుతుందో చెప్పే అధికారం శాస్త్రానిది. అక్కడ తర్కం చేతులు జోడించి నిలబడుతుంది. అక్కడివరకు మాత్రం అది చేయి పట్టుకొని నడిపించవలసినదే.

ఈ నడక బాలునికి అసాధ్యమా? తర్కసంగ్రహం వ్రాసిన అన్నంభట్టు ఆంధ్రుడు. బాలురకు సులభంగా బోధపడాలనే ఆ గ్రంథం వ్రాస్తున్నానని ఆయన ఆరంభంలోనే చెప్పుకొన్నాడు. జ్ఞానానికి ఆశ్రయమైనది ఆత్మ అని, అది జీవాత్మ పరమాత్మ అని రెండు విధాలని, జీవుడు ప్రతి శరీరంలోనూ వేరని అందులో కొద్ది మాటలలో ఉన్నది. దీపిక చివర ఈ పదార్థజ్ఞానానికి పరమప్రయోజనం మోక్షమే అని ముగించాడు. పాఠశాలలలో నేటికీ తర్కానికి తొలిమెట్టు ఆ గ్రంథమే. తర్కాన్ని పిల్లల చేతికి ఇచ్చిన సంప్రదాయం ఇది. ఆ సంప్రదాయం పేరనే పిల్లల నోరు మూయించడం సంప్రదాయద్రోహం.

కనుక ఆబ్దికం నాడు ప్రశ్న వినబడినప్పుడు పెద్దలు చెప్పవలసిన మాట ఒకటే: "మంచి ప్రశ్న నాయనా. ఇది నచికేతుడు అడిగినది. కర్మ పూర్తి కానివ్వు, భోజనాల తరువాత కూర్చుందాం." తెలిస్తే చెప్పాలి. తెలియకపోతే, తెలియదని ఒప్పుకొని తెలిసినవారి వద్దకు పంపాలి. అందులో అవమానం లేదు. యమధర్మరాజే ప్రశ్నించేవాని కోసం ఎదురుచూచాడు. ఇంటిలో పుట్టిన నచికేతుని గద్దించి పంపివేస్తే, అతడు మరొక ద్వారం వద్ద నిలబడతాడు. ఆ ద్వారం తెరిచేవాడు అతనికి ఏమి బోధిస్తాడో, ఆ ఇంట రాబోయే ఆబ్దికాల నాడు తెలుస్తుంది.